కొలత టేపు

కుట్టుమిషను ముందు కూర్చున్నావిడ పిల్లకు నానమ్మ. గౌను పట్టుకుని వచ్చినావిడ పెద్దమ్మ. చెల్లెలు పోయినప్పటినుంచి ఆ పిల్లను పెంచుతున్నది ఆవిడే.

“మీరు పంపిన గౌను భుజాల దగ్గరే ఆగిపోయిందండీ.”

“రెండు వేళ్ళు వదులు పెట్టే కుట్టానే!”

“మీరు దాన్ని చూసి రెండేళ్ళయింది. సొరతీగలా సాగింది.”

“ఒక్కసారి తీసుకురామ్మా. కొలతలు తీసుకుని పంపించేస్తాను.”

“మిమ్మల్ని చూస్తే దానికి వాళ్ళ నాన్నే కనిపిస్తాడు. అచ్చు మీ పోలికే కదా.”

“నీ చెల్లెల్ని వాడే చంపాడని కోర్టులో చెప్పింది నేనే కదమ్మా. కన్నకొడుకని చూశానా?”

“తెలుసండీ. పెద్దయ్యాక దానికీ చెబుతాను. ఇప్పుడైతే భయపడుతుంది. ఆ టేపు ఇలా ఇవ్వండి, నేనే కొలిచి ఫోన్లో చెబుతాను.”

“కొలతలు ఫోన్లో చెప్పినా, టేపు మాత్రం నువ్వే తెచ్చివ్వాలి. అది లేకపోతే నాకు పని జరగదు.”

పెద్దమ్మ గోడవైపు చూసింది. మేకుకు ఇంకా మూడు టేపులు వేలాడుతున్నాయి.

“గురువారం తెచ్చిస్తాను. అంతదాకా ఎలాగోలా సర్దుకోండి, అత్తయ్యగారూ.”