తల్ అఫర్ దారి

నెబ్రాస్కాలోని లింకన్ పట్టణం. బడి వదిలిన తరువాత ఐదో తరగతి గదిలో ఉపాధ్యాయుడు హావెల్కా, ఒక విద్యార్థిని తండ్రి ఖలఫ్ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు.

"...భిన్నాల్లో కాస్త వెనకబడింది, అంతే. మిగతా అన్నిట్లో బెరివాన్‌కి తిరుగులేదు. చదవడంలో అయితే క్లాసులో మొదటిది. ఆ కుర్చీ మరీ చిన్నది, ఇబ్బందిగా ఉంటే ఇటు..."

"పర్లేదు సార్. పిల్లల కుర్చీలే గదా."

"సైన్సు ప్రాజెక్టు కూడా బాగా చేసింది. మొక్కజొన్న వేర్ల మీద. ఇదిగో, చూడండి."

"చూశాను సార్. మా వంటింట్లోనే చేసింది. నెల రోజులు ఆ గ్లాసులు ఎవర్నీ కదపనివ్వలేదు."

"అవునా. సరే మరి. ఇంకేమైనా అడగాలా, ఖలఫ్ గారూ? తరవాత ఇంకొకరు వస్తారు."

"ఎవరూ రారు సార్. తలుపు మీద కాగితం చూశాను, చివరి పేరు నాదే. ఆఖర్న పెట్టమని నేనే అడిగాను. మాంసం ఫ్యాక్టరీలో షిఫ్టు కూడా మార్చుకుని వచ్చాను."

"అలాగా."

"మీరు ఇందాకట్నుంచీ నా మొహం చూడట్లేదు."

"అదేం లేదు. మార్కులు చూసి చెబుతున్నా గదా."

"ఇరాక్‌లో మీకు దుబాసీగా ఉన్నప్పుడు ఖలఫ్ గారూ అనేవారు కాదు. ఫ్రాంకీ అనేవారు. మీ సైనికులందరికీ నేను ఫ్రాంకీనే."

"తలుపు వేసొస్తాను. ఒక్క నిమిషం."

"వేసిరండి."

"సెప్టెంబర్లో హాజరు పట్టీలో బెరివాన్ పేరు పక్కన నీ పేరు చూశాను. గేటు దగ్గర నిన్నూ చూశాను. చూసి, వెనక తలుపు నుంచి వెళ్ళిపోయాను. మూడు నెలలుగా అటునుంచే వెళ్తున్నా."

"తెలుసు సార్. మీ కారు అటువైపే ఉంటుంది."

"ఇంత దేశంలో ఈ ఊరికే ఎలా వచ్చావు?"

"మీరే గదా, పహారా ఉన్నప్పుడల్లా లింకన్ ఇలా, లింకన్ అలా అని... అమెరికాలో నాకు తెలిసిన ఊరు ఇదొక్కటే. మా మతంవాళ్ళు, యజీదీల కుటుంబాలు కూడా కొన్ని ఇక్కడ ఉన్నాయన్నారు."

"నాకోసం వచ్చావా?"

"మొదట్లో... అవును. మీ ఇంటి ముందునుంచి రెండుసార్లు వెళ్ళాను. ఆగలేదు."

"ఆగి ఉండాల్సింది. తిట్టి ఉండాల్సింది. ఇప్పుడైనా తిట్టు. నేనేం అనను."

"తిట్టడానికి రాలేదు సార్."

"అయితే నేనే చెప్తా, విను. ఆ రోజు తల్ అఫర్ దారిలో బాంబు పెట్టి ఉంటారని నువ్వు చెప్పావు. పొద్దుట్నుంచీ కూరగాయల బండి ఒక్కటీ రాలేదు, వద్దు లెఫ్టినెంట్ అన్నావు. రెండుసార్లు అన్నావు."

"మూడుసార్లు."

"మూడుసార్లు. నేను వినలేదు. భోజనం వేళకి క్యాంపు చేరాలని... అంతే, ఇంకే కారణమూ లేదు. డిల్లార్డ్ పోయాడు. ఇరవై ఏళ్ళవాడు. మర్నాడు రిపోర్టు రాయమన్నారు. దుబాసీ మమ్మల్ని హెచ్చరించలేదని రాశాను."

"ఆ సాయంత్రమే నన్ను క్యాంపు గేటు బయటికి పంపేశారు. ఎందుకో కూడా చదివి వినిపించారు."

"నీ ఉత్తరాలు అందాయి. ఐదూ అందాయి. వీసా రావాలంటే పై అధికారి ఉత్తరం కావాలి, ఒక్కటి రాసివ్వండి, ఇక్కడ బతకనివ్వరు అని రాశావు. నీ తమ్ముణ్ణి కూడా..."

"వాడి సంగతి వద్దు సార్."

"సరే. వద్దు. రాద్దామని కూర్చునేవాణ్ణి. నువ్వు నమ్మకస్తుడివని రాస్తే, మరి రిపోర్టులో అలా ఎందుకు రాశావని అడుగుతారు గదా. ముందు ఆ నిజం రాయాలి. ఆ ఒక్క వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోయేది. సైన్యం వదిలేసి వచ్చి టీచర్నయ్యాను. తప్పు చేస్తే చెయ్యెత్తి ఒప్పుకోండి అని పిల్లలకి రోజూ చెప్తా. పదమూడేళ్ళయింది, నా చెయ్యి లేవలేదు. మొన్న మాజీ సైనికుల దినం రోజు నాకు కార్డులు చేస్తున్నారని తెలిసి సెలవు పెట్టాను."

"బెరివాన్ కూడా చేసింది. ఇంట్లోనే ఉంది ఆ కార్డు."

"నీకేం కావాలో చెప్పు, ఖలఫ్. ఇప్పుడైనా రాస్తాను. ఎవరికి రాయమంటే వాళ్ళకి."

"ఏం రాయక్కర్లేదు సార్. వచ్చే గురువారం నా పౌరసత్వం ఇంటర్వ్యూ. భయపడి ఇన్నేళ్ళూ దరఖాస్తు పెట్టుకోలేదు. పాత కాగితాలన్నీ తిరగేస్తారట. మీకు ఫోన్ చేసినా చెయ్యొచ్చు."

"చెయ్యనీ. నువ్వెలాంటివాడివో చెప్తాను."

"అది కాదు. నేను క్షమాపణ అడగడానికి వచ్చాను."

"నువ్వా? నన్నా?"

"ఇంటికొచ్చి మా పిల్ల, హావెల్కా సార్ ఇలా అన్నారు, అలా అన్నారు అంటుంటే నాకు ముద్ద దిగట్లేదు సార్. దొంగపని చేశాను. మీ ఉత్తరం కోసం రెండేళ్ళు చూశాను. ఇంట్లో అమ్మ, నా భార్య... ఇక ఆగలేకపోయాను."

"ఏం చేశావు?"

"నేనే రాసుకున్నాను. మీరు రాసినట్టు. మీ సంతకం రోజూ చూసేవాణ్ణి గదా. అదీ పెట్టేశాను. దానితోనే వీసా వచ్చింది."

"అందులో... ఏమని రాశావు?"

"ఎక్కువేం లేదు సార్. 'ఆ దారిన వద్దని ఖలఫ్ చెప్పాడు. నేను వినలేదు. రిపోర్టులో అబద్ధం రాశాను, అందుకు సిగ్గుపడుతున్నాను' అని."