మూత లోపలి చుక్కలు

కెనడాలోని విండ్సర్‌లో నది ఒడ్డున పాత అమెరికన్ కార్ల ప్రదర్శన. నీలం రంగు ఇంపాలాను ఫొటోలు తీస్తున్న తెలుగమ్మాయి దగ్గరికి ఒక పెద్దాయన వచ్చి ఆగాడు.

"ఇది ఒకప్పుడు నా కారేనమ్మా. తొమ్మిదేళ్లు నడిపాను. వెనక తలుపు మీద ఆ సొట్ట నేను చేసిందే."

"అయితే మిమ్మల్నే అడగాలి అంకుల్. డ్రైవర్ పక్క సీటు ముందున్న గ్లవ్ బాక్స్ మూత లోపల ఎర్ర చుక్కలున్నాయి. ఓనర్ కారు లోపలంతా కొత్తగా పెయింట్ చేయించాడు గానీ, అవేంటో తెలీక వాటిని ముట్టుకోలేదట."

"చుక్కలా? నేనెప్పుడూ చూళ్లేదే. ఆ గ్లవ్ బాక్స్ మా ఆవిడది. మ్యాపులు అందులో పెట్టుకునేది. డ్రైవింగ్ నాది, దారి చెప్పడం తనది."

"వరసగా బొట్లు పెట్టినట్టున్నాయంకుల్. కుంకుమ కాదు, నెయిల్ పాలిష్."

"కొన్న ఏడాది దసరాకి బానెట్ మీద పసుపూ కుంకుమా పెట్టింది. పెయింట్ పాడవుతుందని కోప్పడి, తన ముందే తుడిచేశాను. ఆ తర్వాత ఏ దసరాకీ పెట్టలేదు."

అమ్మాయి కెమెరా దించింది.

"ఎన్నున్నాయమ్మా?"

"ఎనిమిది."

ఆయన వేళ్ల మీద ఆ తర్వాతి దసరాలు లెక్కపెట్టుకున్నాడు.

"కుంకుమైతే రాలి నా కంట పడుతుందనుకుందేమో."

"ఆంటీని కూడా పిలవండంకుల్. ఇద్దరికీ ఫొటో తీస్తాను."

"తను పోయి మొన్న మార్చికి రెండేళ్లు."

"సారీ అంకుల్. ఓనర్‌ని అడిగొస్తాను, మీరు స్టీరింగ్ ముందు కూర్చుందురుగాని."

"అక్కడొద్దమ్మా. ఆవిడ సీట్లో కూర్చుంటాను. తొమ్మిదేళ్లలో ఒక్కసారీ కూర్చోలేదు."