చందమామ గుండె విన్న డాక్టరు

మధ్యాహ్నం మూడు గంటలకి ఆస్పత్రి వెనక క్యాంటీన్‌లో ఎండ కూడా కునికిపాట్లు పడుతుంది. ముప్పై గంటల డ్యూటీ ముగించుకుని వచ్చిన జూనియర్ డాక్టరమ్మ గోడవార బెంచీ మీద కూలబడింది. జనరల్ మెడిసిన్‌లో చేరి ఆమెకి ఇవాళ్టికి నలభై రోజులు. తెల్లకోటు జేబులో నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం ఉంది. ఈ పనికి నేను తగను, నన్ను వదిలేయండి అని రాసిన ఉత్తరం. నాలుగింటికి పెద్ద డాక్టరుగారు తన గదికి వస్తారు. అది ఆయన చేతికిచ్చేసి, అమ్మకి ఫోన్ చేసి, వచ్చేస్తున్నానని చెప్పేయాలి.

ఇంతకీ కారణం ఒక చిన్న చప్పుడు. పొద్దున తొమ్మిదో నంబరు మంచం మీది దర్జీ తాత ఛాతీ మీద స్టెత్ పెడితే, గుండె కొట్టుకునే 'లబ్'కీ 'డబ్'కీ మధ్య సన్నగా 'ఉస్స్' మని వినబడింది. గుండె తలుపు సరిగ్గా మూసుకోకపోతే రక్తం వెనక్కి జారుతూ అలా అంటుంది. డాక్టర్లు దాన్ని మర్మర్ అంటారు. పది రోజుల జ్వరంతో వచ్చిన మనిషిలో అది కొత్తగా వినబడిందంటే ఇంటికి పంపడం ప్రమాదం. పరుగెత్తుకెళ్ళి మూడో సంవత్సరం సీనియర్‌ని పిలుచుకొచ్చింది. ఆయన స్టెత్ ఆనించి, కళ్ళు మూసుకుని, తల ఊపి, "ఏమీ లేదమ్మాయ్, నిద్రలేక నీ చెవులు ఈల వేస్తున్నాయి. డిశ్చార్జి రాసెయ్" అన్నాడు. కేసు షీటులో దించిన తల ఎత్తకుండా రాసేసింది. ఇంతకుముందు రెండుసార్లు అందరికీ వినబడింది ఆమెకి వినబడలేదు. ఇప్పుడేమో లేనిది వినబడింది. ఇంక తనకి చెవులెందుకు, ఈ చదువెందుకు?

ఆ సీనియరే ఇప్పుడు క్యాంటీన్ మధ్యలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. వార్డంతా ఆయన్ని వెనకాల 'మహారాజు' అంటుంది. ఎదురుగా హెడ్ సిస్టర్, గ్లాసులు కడుగుతూ టీ మాస్టారు, చివర సంచీ ఒళ్ళో పెట్టుకుని దర్జీ తాత. కొడుకు బండి తెచ్చేదాకా తాతకి అక్కడే కాలక్షేపం.

"నాదేముంది సిస్టర్, ఏదో చెవులు కాస్త మంచివి, అంతే," అంటూ మొదలెట్టాడు మహారాజు. "నేను మొదటి సంవత్సరంలో ఉండగా పెద్దాయన రౌండ్స్‌లో ఆరుగుర్ని వరసగా ఒక పేషెంటు గుండె వినమన్నారు, ఐదుగురు నార్మల్ అన్నారు, నేను మాత్రం మర్మర్ ఉంది సార్ అన్నాను. ఉంది మరి!"

"అది నిజమే, నేనక్కడే ఉన్నాను," అంది సిస్టర్.

ఆ ఒక్క మాటతో మహారాజుకి రెక్కలొచ్చాయి.

"ఆ తర్వాత ఏమైందో ఎవరికీ తెలీదు, చెప్తా వినండి. ఆ రోజు నుంచి నా చెవులు పదునెక్కిపోయాయి. మొదట్లో చొక్కా మీంచి వినేవాణ్ణి, తర్వాత దుప్పటి మీంచి, ఆ తర్వాత అసలు మనిషి దాకా వెళ్ళడం ఎందుకని వార్డు గోడకి స్టెత్ ఆనించి బయటే నిలబడి ఇరవై మంచాలూ వినేసేవాణ్ణి. ఆరో మంచం గుండె బావుంది, పదకొండో మంచం ఊపిరితిత్తుల్లో నెమ్ము, పదిహేడో మంచం మీద పేషెంటే లేడు, కాఫీకి వెళ్ళాడు!"

"ఖాళీ మంచం కూడా వినబడిందా బాబూ?" అన్నాడు టీ మాస్టారు.

"దిండు ఒంటరిగా ఉంది మాస్టారూ, దానికీ ఓ చప్పుడుంటుంది. ఇదేం చూశారు, ఓసారి లిఫ్టు తలుపుకి ఆనిస్తే నాలుగో అంతస్తులో ఆపరేషన్ వినబడింది. సర్జన్లు కుడివైపు కొయ్యబోతున్నారు, జబ్బేమో ఎడమవైపు! నీళ్ళ పైపులోకి నోరు పెట్టి, ఎడమ, ఎడమ అని అరిచాను. ఆగిపోయారు. ఇప్పటికీ ఆ సర్జనుగారు నేను కనబడితే లేచి కుర్చీ ఇస్తారు."

జూనియర్ డాక్టరమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి. నిద్రో మెలకువో తెలియని ఆ మగతలో మహారాజు మాటలు టీ ఆవిరితో కలిసి పైకి లేస్తున్నట్టున్నాయి. గోడలు పల్చబడి, వాటి వెనక గుండెలన్నీ మెల్లగా కొట్టుకుంటున్నాయి. ఎంత హాయిగా ఉంది! అలాంటి చెవులు నాకూ ఉంటే ఎంత బావుండేది అనుకుంది.

"అప్పుడు డాబా ఎక్కాను," అంటున్నాడు మహారాజు. "ఏడు స్టెత్‌ల గొట్టాలు ఒకదానికొకటి అతికించి, బిళ్ళ కిందికి వదిలి ఊరి నేల మీద పెట్టాను. ఏం చెప్పమంటారు! ఊరు ఊరంతా ఒక్క గుండెలా కొట్టుకుంటోంది. పిల్లలవి పిచ్చుకల్లా టకటకా, ముసలివాళ్ళవి తాపీగా. ఇంతలో పైనేదో గురగురమంది. తలెత్తి చూద్దును కదా, నల్ల మేఘం, పాపం, ఆయాసపడుతోంది."

"మేఘానికి ఆయాసమా!" సిస్టర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఛాతీలో నీరు చేరింది సిస్టర్! మరి నేను డాక్టర్నేనా కాదా? పక్కటెముకల మధ్య చూసి సూది వేశాను. మూడు రోజులు కారింది నీరు, ఊళ్ళో చెరువులు నిండిపోయాయి. ఖాళీ అయ్యాక తెల్లగా తేలిపోతూ నాకు చెయ్యూపి మరీ వెళ్ళింది. ఆ వెనకాల చందమామ. నన్నూ చూడు డాక్టరూ అన్నట్టు మొహం. ఆనించాను స్టెత్. ఎంత నెమ్మదో ఆ గుండె! నెలకొక్కసారి కొట్టుకుంటుంది. గుండెకేం ఢోకా లేదు కానీ ఒంట్లో రక్తం లేదు, ఎంత తెల్లగా పాలిపోయాడో మీరూ చూస్తూనే ఉన్నారుగా. ఐరన్ మాత్రలు రాశాను. తర్వాతి పున్నమికి ఎర్రగా పైకొచ్చాడా లేదా, మీరే చెప్పండి!"

టీ మాస్టారు తడి గ్లాసు పట్టుకుని కిటికీలోంచి పట్టపగలు ఆకాశం వంక చూస్తున్నాడు.

"బాబుగారూ," అన్నాడు దర్జీ తాత మెల్లగా. "చందమామ గుండె విన్నారు, మహా బాగుంది. పొద్దున నా గుండె విన్నప్పుడు మాత్రం ఆ గొట్టాల కొసలు మీ చెవుల్లో లేవండీ. మెడలోనే ఉన్నాయి."

మహారాజు చెయ్యి మెడ మీదికి పోయింది.

"నలభై ఏళ్ళుగా నేనూ మెడలో టేపు వేసుకు తిరిగేవాణ్ణే కదా, చూపు అక్కడికే పోతుంది. మీరు కళ్ళు మూసుకుని తల ఊపుతుంటే ఇదేదో కొత్త పద్ధతి కాబోలు అనుకున్నాను."

టీ మాస్టారు ఫక్కున నవ్వాడు. సిస్టర్ మాత్రం నవ్వలేదు. జూనియర్ డాక్టరమ్మకి నిద్ర ఎగిరిపోయింది. మహారాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయనకీ అది ముప్పయ్యో గంటే అని అప్పుడు గుర్తొచ్చిందామెకి.

ఆయన లేచి తాత ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కొసలు చెవుల్లో పెట్టుకుని, ఉన్నాయో లేవో వేళ్ళతో రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. తాత చొక్కా గుండీలు విప్పాడు. మాస్టారు పొయ్యి ఆపేశాడు. మహారాజు చాలాసేపు విన్నాడు. అంతసేపు ఆయన నోరు మూసుకుని ఉండటం ఎవరూ ఎప్పుడూ చూళ్ళేదు.

తర్వాత స్టెత్ తీసి ఆమెకిచ్చాడు. "నువ్వు విను."

లబ్... ఉస్స్... డబ్. సన్నగా, తలుపు సందులో గాలిలా. పొద్దున విన్నదే. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఉంది సర్."

"ఉంది," అన్నాడాయన. "పొద్దున్నే ఉంది. నువ్వు చెప్పావు. నేనే వినలేదు, తప్పు నాది." తాత చెయ్యి పట్టుకున్నాడు. "ఇవాళ ఇంటికి వద్దు తాతా. జ్వరం నీ గుండె తలుపు మీద కూర్చుందేమోనని అనుమానం. పరీక్షలు చెయ్యాలి."

"బడి పిల్లల యూనిఫారాలు కుప్పగా ఉన్నాయి బాబూ..."

"మనిషి బాగుంటే యూనిఫారాలు ఎక్కడికీ పోవు," అని సిస్టర్ అప్పటికే తాత సంచీ అందుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని వార్డు వైపు నడిచింది.

"పెద్దాయనకి నేనే చెప్తాను, నేను ఎలా విన్నానో దాంతో సహా," అన్నాడు మహారాజు. "ముందు రాసుకో. రక్తం కల్చర్‌కి, ఆ తర్వాత గుండె స్కాన్."

ఆమె కాగితం కోసం జేబులు తడుముకుంది. చేతికి ఉత్తరమే తగిలింది. మడతలు విప్పి, వెనక వైపు తిప్పి, గోడకి ఆనించి గబగబా రాసింది: తొమ్మిదో మంచం, మర్మర్ ఉంది.

"ముందు వైపు ఏదో చాలా రాసుకున్నావే, ఏంటది?" అన్నాడు మహారాజు.

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఏం లేదు సర్, కోతలు," అని తాత వెనకాలే వార్డులోకి పరుగెత్తింది.