నలగని నిమ్మకాయలు

జోల్వాలో మరమగ్గాల షెడ్డు ముందు పాత డీజిల్ లారీకి పూజ ఇప్పుడే ముగిసింది. లారీ వెనక ఒక స్కూటర్ పడి ఉంది. లారీ యజమాని కొబ్బరి చిప్పలు ఏరుతున్నాడు. అతని భార్య నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

“లారీ ఎట్ల ఉరుకుతదో సూడుండ్రని అందర్నీ పిలిస్తివి గదా!”

“ఉరికింది గదనే. జర ఎనుకకు ఉరికింది.”

“టర్బో పెట్టిస్తే ఎనుకకు పోతదా?”

“టర్బోది తప్పు లేదు. గేర్‌బాక్స్ గూడ మార్పించిన గదా. పాతదాంట్ల ఫస్ట్ ఉన్న జాగల దీంట్ల రివర్స్ ఉన్నది.”

“గేర్‌బాక్స్ బిగించిన మిస్త్రీ చెప్పలేదా?”

“పాండేసర నుంచి నడుపుకొచ్చి, దిగంగనే మూడుసార్లు చెప్పిండు. ముప్పై ఏండ్ల డ్రైవర్‌కు నువ్వు గేర్లు నేర్పుతవా అని నేనే అన్న.”

“గేర్ రాడ్ గుండు మీద నంబర్లు ఉంటయ్ గదా?”

“నువ్వు నల్లదారం కట్టినవని పాత గుండే మళ్ల బిగించిన. దాని మీద పాత నంబర్లే ఉన్నయ్.”

“అంటే తప్పు నాదా?”

“నీదెట్లయితది? లారీల అన్నీ కొత్తయి పెట్టించిన. మార్పియ్యంది డ్రైవర్‌నొక్కన్నే.”

“మన స్కూటర్ సొట్టపోయింది.”

“అండ్ల మాత్రం నా గురి తప్పలే.”

“టైర్ల ముందట పెట్టిన నిమ్మకాయలేవి?”

“అవిగో, ఒక్కటి గూడ నలగలే.”

“ఇటియ్యి. షర్బత్ చేస్త.”

“నాకా?”

“ఆడ కూసున్న మిస్త్రీకి. మూడుసార్లు చెప్పిండు గదా, గొంతు ఎండిపోయుంటది.”