డబ్బాలో పట్టిన చప్పుడు

మీరేం చూశారు? ముందు అది చెప్పండి. కప్పు పక్కన పెట్టి, నా మొహం చూసి చెప్పండి. ఇందాక నా వ్యాను ఆ వాలు దిగి, మలుపు తిరిగి, ఈ టీ కొట్టు ముందు బ్రేకు వేసి ఆగిందా లేదా? ఏమైనా వినబడిందా? లేదు కదా! మొన్నటిదాకా అది ఆగిందంటే వీధి చివర పడుకున్న కుక్క లేచి నిలబడేది. బ్రేకు వేస్తే టణ్! మళ్ళీ కదిలితే టక్! ఇవాళ పిల్లి నడిచినట్టు వచ్చి ఆగింది. ఆ చప్పుడు ఎలా పోయిందో చెబుతాను, వినండి.

మీరు ఈ కొట్టుకి కొత్త కాబట్టి ముందు మనుషుల్ని చూపిస్తాను. పొయ్యి దగ్గర నిలబడి నన్ను గుర్రుగా చూస్తోందే, ఆవిడ నా భార్య. కొట్టు ఆవిడదే. మీ పక్కన మెడలో టేపు వేసుకున్నవాడు దర్జీ. ఎవరు మాట్లాడినా మధ్యలో కత్తెర వేస్తాడు, పట్టించుకోకండి. ఆ చివరి బెంచీ మీద మనకి వీపు పెట్టి కూర్చున్నవాడు వెల్డరు, నా భార్యకి సొంత తమ్ముడు. రెండేళ్లుగా నాకు కనబడేది ఆ వీపే. వాడి దగ్గర పదిహేడో నంబరు పానా ఒకటి అడిగి తెచ్చుకున్నాను. తిరిగివ్వలేదని వాడు, నీ చేతిలో పెట్టానని నేను. పదిమందిలో మాటా మాటా పెరిగి, "ఒరే, నువ్వు అబద్ధాలకోరువి" అనేశాను. తన పనిముట్లు ఇంకెవరి వాటిలోనూ కలిసిపోకూడదని ప్రతిదాని పిడికీ ఎర్ర రంగు పూసుకునే మనిషి వాడు, పానా పోతే వేలు పోయినట్టు బాధపడతాడు. ఆ రోజు నుంచి మా గడప తొక్కలేదు, మా ఇంట్లో మెతుకు ముట్టలేదు. అక్క కొట్లో టీ మాత్రం తాగుతాడు, అదీ అటు తిరిగి.

సరే, అది మన కథ కాదు. చప్పుడు సంగతి వినండి. వాడు విన్నా వినకపోయినా నాకేం లెక్కలేదు. కాస్త గట్టిగా చెబుతున్నానంటే నా గొంతే అంత.

చప్పుడు మొదలవగానే షెడ్డుకి తీసుకెళ్లాను. బ్రేకు లైనర్లన్నారు, మార్చాను. బుష్‌లన్నారు, మార్చాను. ఇంజను కింద రబ్బర్లన్నారు, అవీ మార్చాను. టణ్ అలాగే ఉంది. ఆఖరికి ఆ షెడ్డాయన ఏమన్నాడో తెలుసా? "పెద్దాయనా, బండి ముసలిదైపోయింది, తుక్కుకిచ్చెయ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముసలిదైతే తుక్కుకేనా? నేను తొమ్మిదేళ్లప్పుడు నాకంటే ఎత్తు టైర్లు దొర్లించాను. లారీల కింద పడుకుని కళ్ళలో గ్రీజు కారుతుంటే పని నేర్చుకున్నాను. మెట్లెక్కితే నా మోకాళ్ళూ చప్పుడు చేస్తాయి, మరి నన్నూ తూకానికి పెడతావా అని అడిగేసి, బండి తీసుకుని వచ్చేశాను.

ఇక నేనే దిగాను. ముందు చెవి పెట్టాను. బోల్టు వదులైతే కిర్రుమంటుంది, బుష్ అరిగితే దబ్బుమంటుంది. ఇది టణ్ మంటోంది, అంటే ఇనుము మీద ఇనుము. నా చెవి అలాంటిది మరి.

"అంతమాత్రం నేనూ చెబుతానన్నా."

నువ్వు గుండీల సంగతి చెప్పు దర్జీ, బండి నాకొదిలెయ్. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? తువ్వాలుతో నన్ను నేను వ్యాను కిందకి కట్టేసుకున్నాను. వీపు రోడ్డు మీదకి, మొహం ఇంజను మీదకి. అలా నలభై మైళ్ళు వెళ్లాను.

"మరి బండి ఎవరు నడిపారు?"

నేనే! స్టీరింగుకి తాడు కట్టి కాలి బొటనవేలికి చుట్టుకున్నాను. గేర్లంటావా, ముప్పై ఏళ్లుగా నాతో ఉన్న బండి అది. నేను దగ్గితే మూడో గేరు, తుమ్మితే నాలుగో గేరు.

"జలుబు చేస్తే?"

జలుబు చేసిన రోజు సెలవు. మాటకి అడ్డు రాకు. కింద నాకు వంద చప్పుళ్ళు వినబడ్డాయి. ఒక్కోదాన్నీ పలకరించి పంపించేశాను. నువ్వు సైలెన్సరువి, పో. నువ్వు వెనక తలుపువి, పో. ఆఖరికి టణ్ ఒక్కటే మిగిలింది. అప్పుడు పెద్ద వాలు వచ్చింది. బ్రేకు వేశాను. వ్యాను ఆగింది, నేను ఆగాను. చప్పుడు ఆగలేదు!

"ఆగలేదా?"

అంత ఊపు మీద ఉంది, ఎలా ఆగుతుంది? వ్యానులోంచి దూకి, టణ్ టణ్ మంటూ రోడ్డెక్కి పరుగెత్తింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక వీధిలో దూరి తలుపు కొట్టింది. లోపలావిడ వస్తున్నా వస్తున్నా అంటూ తీస్తే ఎవరూ లేరు. పక్క తలుపు కొట్టింది, ఎదురింటి తలుపు కొట్టింది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి, కొట్టింది నువ్వంటే నువ్వని తిట్టుకుంటున్నారు. అక్కడి నుంచి బడి గేటుకి తగిలి టణ్ మంది. ఇంటి గంట కొట్టారనుకుని పిల్లలు సంచులు సర్దుకునేలోపు మాస్టర్లు వీధి చివరికి చేరిపోయారు. అది స్టేషన్లోకి వెళ్లి టణ్ మంది. బయల్దేరమన్నారనుకుని రైలు టైముకంటే ముందే కదిలిపోయింది.

"ఇంతసేపూ నమ్మానన్నా. రైలు టైముకంటే ముందు కదిలిందంటే మాత్రం నమ్మను."

నువ్వు నమ్మితే ఎంత, నమ్మకపోతే ఎంత! నేను వెనకాలే పరుగు. ఈ వయసులో! చెప్పొకటి ఎక్కడ ఊడిందో చూసుకోలేదు. ఏటి వంతెన మీద దొరికింది, పిట్టగోడకి ఆనుకుని ఆయాసపడుతోంది. టణ్... టణ్... అని సన్నగా. చూసి జాలేసింది కూడా. మెల్లగా వెనక నుంచి వెళ్లి డబ్బాలో పెట్టి మూత బిగించేశాను. ఇదిగో, ఈ డబ్బాలోనే ఉంది. ఊపుతాను, వినండి. టణ్! ఇప్పుడేమంటారు?

"అన్నా, చప్పుడు మొదలై ఎన్నాళ్లయింది?"

రెండేళ్లు.

"మరి పానా గొడవ?"

అదీ... రెండేళ్లే. అయితే ఏంటట?

"ఏమయ్యా, అది నా బిస్కెట్ల డబ్బా కదూ! పొద్దున్నుంచి దాని కోసం కొట్టంతా గాలిస్తున్నాను. ఇలా ఇయ్యి."

వద్దే! ముట్టుకోకు! మూత తీస్తే మళ్ళీ పారిపోతుంది, ఊళ్ళో రైలు ఒక్కటీ ఆగదు! ఇదిగో, నా మాట విను...

"ఇదేంటి? పానా! పదిహేడో నంబరు. పిడికి ఎర్ర రంగు. ఏమయ్యా, ఎక్కడ దొరికింది నీకిది?"

అందరూ అలా చూస్తారేం? చెబుతున్నా కదా. కవరు చిరిగిందని నిన్న సీటు ఊడదీశాను. డ్రైవరు సీటే. దాని కింద రేకు మీద పడుంది. బ్రేకు వేస్తే ముందుకి జారి టణ్, కదిలితే వెనక్కి జారి టక్. అంతే.

"రెండేళ్లు దాని మీదే కూర్చుని, ఊళ్ళన్నీ తిరుగుతూ వెతికావా? పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా గాలించినట్టు!"

సామెతలొద్దే.

"దొరికిన దాన్ని తిన్నగా తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టొచ్చుగా? డబ్బా ఎందుకు, రైలెందుకు?"

పెడదామనే పొద్దున్న వాడి షెడ్డు దాకా వెళ్లానే. రెండుసార్లు వెళ్లాను. వాడు వెల్డింగు చేస్తుంటే కాసేపు నిలబడి వచ్చేశాను. అబద్ధాలకోరని పదిమందిలో అన్నాను. అదే పదిమందిలో... ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తప్పు నాదే. ఇచ్చానన్నాను, ఇవ్వలేదు. చాలా? ఇంకా గట్టిగా అరవమంటావా?

"బావా."

విన్నారా? మీరూ విన్నారు కదా, బావా అన్నాడు! చెప్పరా.

"అది పారిపోలేదు బావా. నన్ను మా ఇంటికి పంపెయ్ అని రెండేళ్లుగా నువ్వు ఆగిన ప్రతిచోటా మొత్తుకుంది. నీకే చెవి లేదు."

అను. ఎన్నయినా అను, ఇవాళ పడతాను. అరే, లేస్తున్నాడు. ఇటు తిరిగాడు. మీసం అంతా నెరిసిపోయిందేంట్రా నీకు? ఎప్పుడు నెరిసింది?

"నువ్వు చప్పుడు వెనక పరుగెత్తేటప్పుడు. అక్కా, నా టీ అక్కడికే పట్రా."

"తెస్తా. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిను. రానన్నావంటే ఈ పానాతోనే కొడతాను."

ఇదిగో, మిమ్మల్నే. మీరేం చూశారో తర్వాత చెబుదురుగాని. మా బావమరిది ఇక్కడ కూర్చోవాలి, కాస్త అటు జరుగుతారా?