లావణ్య ఆట ఆగకుండా చేసింది నేను కాదు

సభాధ్యక్షులు, మానేరు విజన్ కేబుల్ సంస్థ యజమాని శ్రీ కిషన్ రావు గారికి, ఈ రోజు బంద్ లేదని రూఢి చేసుకుని జగిత్యాల నుంచీ కోరుట్ల నుంచీ బస్సెక్కి వచ్చిన నా తోటి ఉద్యోగులకు, టీవీలో బొమ్మ రాకపోతే నన్ను తలుచుకుని, వస్తే మరిచిపోయే సిరిసిల్ల చందాదారులకు, ముందు వరుసలో కూర్చుని నేనేం మాట్లాడి పరువు తీస్తానోనని దిగులు పడుతున్న నా భార్య రాజవ్వకు, అందరికీ నమస్కారం.

నాకు సభల్లో మాట్లాడే అలవాటు లేదు. ఇరవై రెండేళ్ళుగా స్తంభం మీద నుంచి కిందికి అరవడం తప్ప మైకు పట్టుకున్నది లేదు. అందుకే గొంతు కాస్త పెద్దగా వస్తే, కరెంటు స్తంభం దిగి ఇంకా గంట కూడా కాలేదనుకోండి. (నవ్వులు)

నాకంటే ముందు ఐదుగురు పెద్దలు మాట్లాడారు. నర్సింగం ఎండనక వాననక పనిచేశాడని ఒకరు, నర్సింగం చేతిలో తీగ మాట్లాడుతుందని ఇంకొకరు అన్నారు. వింటుంటే ఈ నర్సింగం ఎవరో మంచివాడిలాగే ఉన్నాడు, ఒకసారి కలిస్తే బాగుండునని నాకూ అనిపించింది. అంతవరకు ఇబ్బంది లేదు. పదవీ విరమణ రోజున పొగడ్త, పెళ్ళినాడు బ్యాండు లాంటిది, రాగం ఎవరూ పట్టించుకోరు. కానీ నా సన్మాన పత్రంలో ఒక వాక్యం చదివారు. "సకల జనుల సమ్మె రోజుల్లో కుమారి లావణ్య కంప్యూటర్ ఆట ప్రత్యక్ష ప్రసారంలోని లోపాన్ని స్వయంగా కనిపెట్టి తొలగించిన సాంకేతిక నిపుణుడు" అని. అధ్యక్షులవారు క్షమించాలి. ఆ వాక్యం అబద్ధం. అది అబద్ధమని ఈ హాల్లో ముగ్గురికి రెండేళ్ళుగా తెలుసు. మిగతావాళ్ళకు కూడా చెప్పి దిగిపోతాను.

లావణ్య ఎవరో జగిత్యాలవాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఇక్కడే నాలుగు మరమగ్గాలు నడిపే దశరథం బిడ్డ. అదిగో, ఆ గోడ పక్కన కెమెరా పట్టుకుని నిలబడి, నన్ను నోరు మూసుకొమ్మని సైగ చేస్తున్నది ఆమే. రెండు వేల పదకొండు సెప్టెంబరులో సమ్మె మొదలై కాలేజీలు మూతపడ్డాయి. అప్పుడు డిగ్రీ చదువుతున్న ఈ పిల్ల, మూతపడుతున్న ఒక నెట్ సెంటర్ నుంచి పాత కంప్యూటర్ తెచ్చుకుని, కొండదారుల్లో లారీ నడిపే ఆట ఒకటి ఆడుతూ, దాన్ని నెట్‌లో ప్రపంచమంతా చూసేలా లైవ్ పెట్టడం మొదలుపెట్టింది. లారీ ఎవరైనా నడుపుతారు. ఈమె లారీ నడుపుతూ నోటితో సిరిసిల్ల కబుర్లు చెప్పేది. ఎల్లారెడ్డిపేట రోడ్డు మీద వంటావార్పు అయిందనీ, దీక్షా శిబిరంలో ఈ రోజు ఎవరు కూర్చున్నారనీ, మానేరులో నీళ్ళెంత ఉన్నాయనీ. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళు శుక్రవారం వస్తే చాలు, మేడిపల్లి వాళ్ళు, వెల్గటూర్ వాళ్ళు, గదికి ఒక ఫోను ముందు పదిమంది కూర్చుని ఆ లారీ ఎక్కేవాళ్ళు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ లారీ మధ్యమధ్యలో ఆగేది. కంప్యూటర్ సెకనుకు ముప్పై బొమ్మలు పంపితే మన కంటికి లారీ కదిలినట్టు కనిపిస్తుంది. పదికి పడిపోతే లారీ నిలబడుతుంది, గెంతుతుంది, మళ్ళీ నిలబడుతుంది. సరిగ్గా మలుపు దగ్గర నిలబడి, తిరిగి కదిలేసరికి లోయలో ఉండేది. ఒక శుక్రవారం నాలుగోసారి లోయలో పడ్డాక లావణ్య లైవ్‌లోనే అనేసింది: "నాకు డ్రైవింగ్ వచ్చన్నా, మా మానేరు విజన్ నెట్టుకే లైసెన్స్ లేదు."

షార్జాలో విన్న ఆ మాట గంటలో సిరిసిల్లలోని మా ఆఫీసుకు చేరింది. యజమానిగారు అప్పుడు దీక్షా శిబిరంలో మెడలో దండతో ఉన్నారు. నన్ను అక్కడికే పిలిపించారు.

"ఏందిర నర్సింగం, దుబాయ్ దాక ఇజ్జత్ తీస్తున్నరు. గా పిల్ల ఇంటికి పోయి చూడు."

వెళ్ళాను. నేను లైన్‌మన్‌ను, కాబట్టి లోపం లైనులోనే ఉండాలి. ఇందులో నాకు సందేహమే రాలేదు. స్తంభం నుంచి ఇంటి దాకా తీగ మార్చాను. పది నిమిషాలు ఆట చూశాను, లారీ గుర్రంలా పరుగెత్తింది. కాగితం మీద "సరిచేయబడింది" అని రాసి, సంతకం తీసుకుని వచ్చాను. మర్నాడు మళ్ళీ కంప్లైంట్. ఈసారి జాయింట్లన్నీ మార్చాను, పది నిమిషాలు చూశాను, సంతకం తీసుకున్నాను. మూడోసారి వెళ్ళినప్పుడు ఆ పిల్ల నా ముందు టీ గ్లాసు పెట్టి నెమ్మదిగా చెప్పింది.

"కాక, నువ్వు పది నిమిషాలల్ల పోతున్నవ్. ఇది ఖరాబయ్యేదే ఇరవై నిమిషాలకు. జెర కూసో."

"గంత టైం లేదు బిడ్డ, ఇంకా ఏడు ఇండ్లున్నయ్."

"మరి ఏడిండ్లల్ల గిట్లనే చేస్తున్నవా?"

నేను టీ తాగి వచ్చేశాను. (నవ్వులు) నవ్వకండి, మీ ఇళ్ళు కూడా ఆ ఏడింటిలోనే ఉన్నాయి.

తర్వాత వారం వరుసగా రెండు రోజులు బంద్. మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ రెండు రోజులూ లావణ్య మూడేసి గంటలు ఆడితే లారీ ఒక్కసారి కూడా ఆగలేదు. గల్ఫ్ నుంచి అందరూ శభాష్ అన్నారు. యజమానిగారు నన్ను పిలిచారు.

"బొమ్మ మంచిగొస్తుందట గదర?"

"వస్తుంది సార్."

"ఏం జేసినవ్?"

"వైరు మార్చిన సార్."

వైరు మార్చిన మాట నిజమే. దానికీ ఆట బాగుపడటానికీ సంబంధం ఉందా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ రెండో రోజు సాయంత్రమే మా ఆఫీసులో చిన్న సభ పెట్టి, ఉద్యమ కాలంలో ఉత్తమ సేవ అని నాకొక షీల్డు ఇచ్చారు. ఊరంతా పని ఆపి పోరాడుతున్నప్పుడు పని ఆపనందుకు బహుమతి, దాన్ని ఇచ్చినవారు అప్పుడే పని ఆపే శిబిరం నుంచి లేచి వచ్చినవారు. అప్పుడు నాకు ఇవేమీ తట్టలేదు. పేరు చెక్కిన వస్తువు మా ఇంటికి రావడం అదే మొదలు. మా నాన్న ఎల్లారెడ్డిపేట దగ్గర యజమానిగారి తండ్రిగారి పొలంలో నలభై ఏళ్ళు పనిచేశాడు. ఆయన పేరు ఏ కాగితం మీదా లేదు. రాజవ్వ ఆ షీల్డును టీవీ మీద పెట్టి రోజూ తుడిచేది. లావణ్యను కూడా ఆ సభకు పిలిచారు. వచ్చింది. చప్పట్లు కొట్టింది. ఒక్క మాట అనలేదు.

మర్నాడు మగ్గాలు మొదలయ్యాయి. లారీ లోయలో పడింది.

ఈసారి కంప్లైంట్ రాకముందే వెళ్ళాను. సిగ్గుతో గడపలోనే నిలబడ్డాను.

"కాక, షీల్డు ఏడ పెట్టినవ్?"

"టీవీ మీద."

"మంచిది. ఇయాల టైం ఉన్నదా?"

"ఉన్నది బిడ్డ."

కూర్చున్నాను. ఆమె తెర మీద రెండు అంకెలు చూపించింది. ఒకటి, నెట్ దారిలో చేరకుండా తప్పిపోయిన బొమ్మలు. అది సున్నా దగ్గరే ఉంది, అంటే నా తీగ మొదటి రోజు నుంచీ బాగానే ఉంది. రెండోది, కంప్యూటర్ స్వయంగా తయారుచేస్తున్న బొమ్మలు. ఇరవై నిమిషాలు దాటాక అది ముప్పై నుంచి పదకొండుకు దిగింది. "కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి పెట్టు కాక" అంది. పెట్టి చటుక్కున తీశాను. పెనంలా ఉంది. మూత విప్పి చూపించింది. లోపల చల్లబరిచే చిన్న ఫ్యాను చుట్టూ నూలు పొట్టు మందంగా, దుప్పటి కప్పినట్టు పేరుకుపోయి ఉంది. పక్కనే తండ్రి మగ్గాల షెడ్డు. గోడకు కిటికీలాంటి కంత. దాని ఎదురుగానే పెట్టె వీపు. మగ్గాలు నడిస్తే మోటార్ల వేడిగాలి, పొట్టు అన్నీ అందులోకే. వేడి ఎక్కువైతే కంప్యూటర్ తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుందట. బంద్ రోజుల్లో గాలి చల్లగా ఉంది కాబట్టి ఎలాగో లాక్కొచ్చింది. అంతే.

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది బిడ్డ?"

"బంద్ రెండో రోజు."

"మరి నాకు షీల్డు ఇస్తుంటే చెప్పకపోయినవ్?"

"రాజవ్వ చిన్నమ్మ నవ్వుతుండె కాక. గంత నవ్వంగ నేనెన్నడు చూడలే."

నాకు ఇక్కడ కాస్త నీళ్ళు ఇవ్వండి.

ఆ తర్వాత పనంతా ఆమే చేసింది. గోడలకు సున్నం వేసే చిన్న కుంచెతో పొట్టంతా తీసింది, పెట్టెను అవతలి గోడకు మార్చింది, కంతకు పలచటి గుడ్డ బిగించింది, పాత కంప్యూటర్ మోయలేనంత పెద్ద బొమ్మను కొంచెం చిన్నది చేసింది. నేను చేసిన సాయం, పెట్టె మూతకు విప్పిన ఆ చిన్న స్క్రూ మరలు కిందపడకుండా అరచేతిలో పట్టుకోవడం.

అప్పుడే హైదరాబాదులో ఒక ఆటల కంపెనీ, రెండు గంటలు ఆగకుండా లైవ్ ఆడి చూపిస్తే వ్యాఖ్యాతగా తీసుకుంటామని ఆమెకు కబురు పెట్టింది. శుక్రవారం పదకొండు గంటలకు. దశరథం వచ్చి గడపలో నిలబడ్డాడు.

"బిడ్డా, రెండు గంటలు మగ్గాలు బంద్ పెట్టాల్నా?"

"వద్దు బాపు. నువ్వు నడుపుకుంటుంటేనే నా ఆట నడవాలె. లేకుంటే బాగైనట్టే గాదు."

నాలుగు మగ్గాలూ నడిచాయి. నేను మూలన కూర్చుని ఆ అంకెనే చూశాను. ఇరవై నిమిషాలు దాటింది, గంట దాటింది, అంకె ముప్పై దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. మైకులో మగ్గాల చప్పుడు పోతోందని లావణ్య కంగారుపడి గొంతు పెంచింది. అప్పుడు షార్జా నుంచి జలపతి అనే ఆయన, ఇక్కడ మగ్గం అమ్ముకుని వెళ్ళినవాడు, తెర మీద రాశాడు: "చెల్లె, నువ్వు జెరసేపు సప్పుడు చెయ్యకు. మగ్గాన్ని విననియ్." ఆమె నోరు మూసుకుంది. నిమిషంపాటు లారీ కొండ ఎక్కుతూనే ఉంది, మగ్గాలు మాత్రమే మాట్లాడాయి. తలుపు దగ్గర దశరథం కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చెమట అన్నాడు.

కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. ఆట అద్భుతం, ప్రసారం అద్భుతం, ఒక్క భాష మాత్రం కొంచెం సరిచేసుకుని రమ్మన్నారు. లావణ్య చెప్పిన జవాబు నేను పక్కన నిలబడి విన్నాను: "బొమ్మలు ఆగుతున్నయంటే కారణం ఎతికి బాగుజేసిన సార్. నా మాట యాడ ఆగిందో చెప్పుండ్రి, అదిగూడ చేస్త." ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఆమె పెద్దబజారులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతోంది. పొట్టు పట్టిన పెట్టెలకు సిరిసిల్లలో కొదవా?

ఆ వారమే నేను యజమానిగారికి నిజం చెప్పాను. "ఇచ్చిన షీల్డు వాపస్ తీసుకుంటే నా ఇజ్జత్ ఏం గావాలెర, ఉంచుకో" అన్నారు. ఉంచుకున్నాను. తప్పు ఆయనది కాదు. నాకూ ఇవ్వబుద్ధి కాలేదు, అదే అసలు సంగతి. ఈ ఉదయం రాజవ్వకు మొత్తం చెప్పాను. అంతా విని, "గా పిల్లకు చెప్పినవా నాకు తెలిసిందని?" అని అడిగింది. ఇదిగో లావణ్యా, ఇప్పుడు చెబుతున్నాను.

కాబట్టి అధ్యక్షా, సన్మాన పత్రంలో ఆ వాక్యం కొట్టేయించి, "మరలు కిందపడకుండా పట్టుకున్నవాడు" అని రాయించండి. అంతవరకు నిజం. ఇందాక నాకు శాలువా కప్పేటప్పుడు నేను కుర్చీలో కూర్చున్నాను, మీరు నిలబడి ఉన్నారు. మా నాన్న చూస్తే నన్ను లేవమని గద్దించేవాడు. లేవబోయాను కూడా. మీరే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. ఇరవై రెండేళ్ళలో మీరు నాకిచ్చినవాటిలో నేను నిజంగా సంపాదించుకున్నది బహుశా ఆ ఒక్కటే. దానికి కృతజ్ఞతలు.

ఓపికగా విన్న మీ అందరికీ, గడియారం చూసినా లేచి వెళ్ళనివాళ్ళకు మరీ ఎక్కువగా, ధన్యవాదాలు. ఇన్నేళ్ళూ ఎన్ని అర్జీలు పెట్టుకున్నా పండగపూటైనా దొరకనిదాన్ని, ఈ రోజు ఎవరినీ అడగకుండా నేనే తీసుకుంటున్నాను.

సెలవు.