నాయన తెరచాపకి పెట్టిన కడియాలు

ఏదీ, ఆ ఫోను ఇటు తిప్పు. అంత దూరం పెడితే నాకేం కనపడిద్దే. కళ్ళజోడు యాడ పెట్టానో... ఆఁ, నెత్తి మీదే ఉంది. ఇంగ్లీషా? పోనీలే. నాకు తెలుగక్షరాలే నీ ఒకటో తరగతి పలక మీద వచ్చినయ్. నీకు ఆరేళ్ళు, నాకు యాభై దాటినయ్, ఇద్దరం ఒక బలపం కోసం కొట్టుకున్నాం, గుర్తుందా హీనా? బొమ్మ చూసి చెబుతాలే. ఇది పడవ మధ్యన నిలబెట్టే కొయ్య. ఇది తెరచాప. కొయ్యకి నిలువునా గాడో పట్టానో ఉండిద్ది, చాప అంచు దాన్ని పట్టుకుని పైకీ కిందకీ జారుద్ది. అంతేగా? ఆఁ. చాప అంచుని అట్టా జార్చేవి మూడు రకాలంటివి. ఒకటి ఉత్త ప్లాస్టిక్ బిళ్ళలు, కొయ్యకున్న గాడిలోనే పోతయ్. రెండోదానికి ఆ గాడిలో నున్నటి పట్టా దూర్చి దాని మీద బిళ్ళలు పోనిస్తారు. మూడోది చిన్న బండి, సైకిల్ చక్రంలో ఉండే గుండ్లలాంటి గుండ్లు లోపల. నీకు మూడోదే నచ్చింది, నీ మొహంలోనే ఉంది. సాయంత్రంలోపు మీ పడవకి ఏది కావాలో విశాఖపట్నం పడవల క్లబ్బుకి రాయాలి, తర్వాత నువ్వూ నీ నేస్తం ఫిలోమినా, ఇద్దరే ఇద్దరు, ఆ పడవేసుకుని సముద్రం మీద కాకినాడ దాకా పోవాలి. పోవద్దంటన్నానా? అనట్లా. కాకపోతే పొద్దున్నుంచీ ఈ బొంత పట్టుకుని నీ పక్కనే కూర్చున్నా. ఏదీ, ఇందాక వీడియో అంటివిగా, అది పెట్టు... అబ్బ! ఎంత బాగా ఎక్కిందే. సర్రుమని. ఒక్క వేలితో లాగినట్టు. అట్టానే ఎక్కింది. అచ్చం అట్టానే.

ఏది ఎక్కిందంటే, మా నాయన కుట్టిన చాపే. మీ ముత్తాత అలీ సాహెబ్ అంటే పరుపులాయన అనేగా నీకు తెలిసింది. దూది ఏకేవాడు, బొంతలు కుట్టేవాడు, నిజమే. ఆయన దూదేకే విల్లు మోగుతుంటే వీధిలో కుక్కలు కూడా గమ్మున పడుకునేయి. దూది పోగులు కనుబొమ్మల మీద పడి ముప్పై ఏళ్ళకే ముసలాడిలాగుండేవాడు, మా అమ్మ నవ్వేది, ‘నీకు తెల్లెంటికలు రావయ్యా, వచ్చినా ఎవరికీ తెలవదు’ అని. అంతలావు దబ్బనం చేతిలో ఉంటే ఆయనకి ఏ బట్టైనా ఒకటే. అందుకని రేవులో పడవోళ్ళు చాపలు చినిగితే ఆయన కాడికే తెచ్చేవాళ్ళు. మా రేవుకి అప్పుడు వంతెన లేదమ్మా, అవతల వాడపల్లి ఒడ్డుకి పోవాలంటే అంకయ్య పడవే. కృష్ణమ్మంటే ఇప్పుడు నువ్వు చూసేది కాదులే, వానాకాలం అయితే అవతలి ఒడ్డున మనిషి చీమంత కనపడేవాడు... ఏం చెబుతున్నా? ఆఁ, అంకయ్య. ఆయనకి భుజం పోయింది. చాప అంచుకి తాడు ఉచ్చులుండేయి, కొయ్య చుట్టూ. అవి తడిస్తే ఉబ్బి పట్టుకునేయి, ఒకడు తాడు లాగుతుంటే ఇంకొకడు కర్రతో ఒక్కో ఉచ్చునీ పైకి తొయ్యాల. ‘సాయిబూ, నేనొక్కణ్ణే ఎక్కిచ్చుకునేటట్టు ఏదన్నా చేసిపెట్టయ్యా, ఈ భుజంతో చచ్చిపోతన్నా’ అన్నాడు మా అరుగు మీద కూర్చుని. ఆయనే చెప్పాడు కూడా, పేము బద్దలు వంచి పెద్ద పెద్ద కడియాలు చేద్దాం, వదులుగా, కొయ్య చుట్టూ నాలుగు వేళ్ళు పట్టేటట్టు అని. మా నాయన పడీ పడీ నవ్వాడు. ‘ఏంది అంకయ్యా, కొయ్యకి కోళ్ళ గంపలు తగిలిస్తావా? రేవులో మన పరువేం గాను?’ అని. కారంపూడి పోయి కమ్మరి చేత ఆరు ఇనప కడియాలు కొట్టించాడు. సన్నగా, కొయ్యకి సరిపోయేటట్టు. వెండి మురుగుల్లాగుండేయి. చాప అంచుకి వాటిని ఎంత గట్టిగా కుట్టాడనుకున్నావ్, తేనెమైనం రాసిన దారం, నాలుగు పేటలు.

నేనప్పుడు పుట్టింటో ఉన్నా. మీ నాయన పుట్టి అయిదో నెల. అత్తగారిల్లు అవతలి ఒడ్డున. మా అత్త శుక్రవారానికల్లా రమ్మని కబురు పంపింది, ఆ శుక్రవారం పోయి ఇంకో శుక్రవారం కూడా వచ్చె. పొద్దున్నే రేవులోకి పోయాం, నేనూ పిల్లోడూ నాయనా. ఆకు కదలట్లా. కొయ్యకి ఆముదం రాశారు, అంకయ్య తాడు లాగాడు. సర్రుమంది. నువ్విప్పుడు చూపిచ్చావే, అంత నున్నగా పోయింది. మళ్ళీ వదిలితే మళ్ళీ సర్రున దిగింది. ఒడ్డు మీద బట్టలుతికే ఆడోళ్ళు కూడా ‘సాయిబు భలే చేశాడే’ అన్నారు. మా నాయన మాత్రం కొయ్య చుట్టూ రెండుసార్లు తిరిగాడు. దూది పట్టి చూసినట్టు ఆ కడియాన్ని పట్టి చూశాడు. ‘గాలి లేదే, అమ్మా జాన్‌బీ. గాలి లేచినాక ఒక మాటు ఎక్కిచ్చి దించి చూద్దాం. ఈ పూటకి ఉండి రేపు పోదువులే’ అన్నాడు.

నేనే అన్నా. ‘ఎక్కింది, దిగింది, ఇంకేం చూస్తావ్ నాయనా? మా అత్త చేత మాటలు పడేది నేనా నువ్వా? పద’ అన్నా.

ఈ మాట మీ తాతకి చెప్పలా. మీ నాయనకీ చెప్పలా. ఇదిగో ఈ బొంత కుట్టుకుంటా నీకు చెబుతన్నా. ఏమే, అట్టా చూడమాక, విను.

చాప ఎక్కిచ్చుకునే, తెడ్లేసుకుంటా నది మధ్యకి పోయేసరికి పడమటి నుంచి ఒక్కసారిగా లేచింది గాలి. పడవ ఒరిగి ఉరకటం మొదలెట్టింది. ఎదర రాళ్ళ బారు, తెల్లగా నురగ. అక్కడికి పోకముందే చాప దించెయ్యాల, ఎప్పుడూ చేసేదే. అంకయ్య తాడు వదిలేశాడు. చాప రాలా. ‘సాయిబూ, తాడు మొత్తం వదిలేశానయ్యా, అది రావట్లా!’ అని అరిచాడు. గాలి చాపని పక్కకి గుంజుతుంటే, ఆ కడియాలు ఏటవాలుగా తిరిగి కొయ్యని కరిచినయ్, పళ్ళతో కరిచినట్టు. ఎంత లాగితే అంత కరుస్తయ్. పడవ అంచు మీదగా నీళ్ళు లోపలకొస్తన్నయ్, పిల్లోణ్ణి చీర కొంగుతో రొమ్ముకి కట్టేసుకున్నా. నాయన సంచిలో కత్తెర తీశాడు, బొంతలు కత్తిరించేది, దాన్ని పళ్ళ మధ్య పెట్టుకుని కొయ్యెక్కాడు. ఆ కడియాల మీదే కాలు పెట్టి ఎక్కాడమ్మా. మెట్లెక్కినట్టు. మనిషి బరువుకి కూడా జారనంత గట్టిగా పట్టుకున్నయ్. ఒక్కోటీ కత్తిరించుకుంటా పైకి పోయాడు. తన కుట్టే, తన చేత్తో వేసిందే, అది తెగదే! నాలుగు పేటలు. మైనం. నేను కింద నుంచి లెక్కపెడతన్నా. మూడు. నాలుగు. అయిదు. ఆరోది తెగింది, చాప ఒక్కసారిగా కిందికొచ్చింది, దాంతోపాటే ఆయనా. ఆ బట్టలోనే చుట్టుకుని నీళ్ళల్లోకి. నాయనకి ఈత రాదు. అంకయ్య ఆ భుజంతోనే దూకాడు. చాప దొరికింది. నాయన దొరకలా, మర్నాటి దాకా.

పడవా? ఆగిందిలే. చాప పడిపోయినాక ఇక ఏముంది, ఉరుకు తగ్గి, రాళ్ళకి ఇంకా ఇంత దూరంలో ఉండంగానే ఇసక మీదకెక్కింది. మీ నాయన నిద్ర కూడా లేవలా.

అంకయ్య తర్వాత పేము కడియాలే పెట్టుకున్నాడు. కోళ్ళ గంపల్లాగే ఉండేయి. ఎక్కిచ్చేటప్పుడు టకటకా కొట్టుకునేయి, చూట్టానికి ఏం బాగుండేయి కాదు. ఎంత గాలున్నా తాడు వదిలితే దడదడా కిందికొచ్చేయి. నేను దాటినప్పుడల్లా పిల్లల్ని కూడా చూసుకునేదాన్ని కాదు, వాటినే చూసేదాన్ని.

అయ్యో, ఏడవమాక. నిన్ను ఆపటానికి చెప్పలేదే. గుండ్ల బండే తీసుకో, నేనేమన్నా కాదన్నానా? చాప లోపల అడ్డంగా బద్దలుంటయ్, గాలికి అవి వెనక్కొచ్చి కొయ్యని తంతయ్ అన్నావు మొన్న. ఆ తన్నేకాడ దొర్లేదుంటేనే మంచిదేమో, నాకేం తెలుసు. కానీ ఉప్పునీళ్ళు పడితే అవి దొర్లుతయ్యా? చాప దిగినాక ఆ బండ్లన్నీ ఒకదాని మీదొకటి పేరుకుంటే, పైదానికి నీ చెయ్యి అందుద్దా? పొట్టిదానివి. రాత్రిపూట మరలు ఊడితే? సరే సరే, నీకే తెలుసు, నువ్వు చదివావు. నేనడిగేది ఒక్కటే. ఆ వీడియో మళ్ళీ పెట్టు. ఎక్కింది. ఆఁ. ఆ అబ్బాయి నవ్వాడు. మరి? అయిపోయిందా?

దిగేదేదే?

లేదా. ఇంకోటి చూడు. అందులోనూ లేదా.

ఎవరికి ఫోను? ఫిలోమినాకా? చెప్పు, చెప్పు. క్లబ్బులో మూడు రకాలూ తలా ఒక పడవకుంటయ్యంటివిగా, బాగా గాలున్న పూట, చాప నిండా గాలుండంగా, తాడు వదిలి చూడమను. నేను చెప్పానను. ఏమంటంది? రేపటిగ్గానీ గాలి లేవదంటనా? సాయంత్రంలోపే రాయాలంటనా?

ఒక్కరోజేగా తల్లీ, చూసి రేపు రాస్తామను.

ఆ దబ్బనం ఇటియ్యి. ఉండు, నువ్వే దారం ఎక్కిచ్చి ఇయ్యి, నాకు కనపడట్లా.